ముందు ఇది చదువు

నా చిన్నప్పుడు మా వీధిలో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేవాళ్ళు లేరు. భిలాయిలో మా సెక్టారు క్వార్టర్లన్నీ ఉక్కు ప్లాంటులో పనిచేసేవాళ్ళవే. ఇంటి మగవాళ్ళ బతుకు ఎనిమిదేసి గంటల షిఫ్టుల్లో నడిచేది కనక మాటల్లోనూ షిఫ్టులే దొర్లేవి. రాయపూర్ పావు షిఫ్టు. విజయనగరం మూడు షిఫ్టులు, మధ్యలో రైలు మారే చోట పడిగాపులతో కలిపి. అట్లపిండి పులవడానికి ఒక షిఫ్టు, గోడ దగ్గర నిలబడి మా అమ్మ చెప్పే కబుర్లు తెమలడానికి అర షిఫ్టు. లోకంలో ఇంకెక్కడా ఇలా మాట్లాడరని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.

ఈ కొలతను అందరికంటే ఎక్కువగా వాడింది మా పక్కింటి మామయ్య. చుట్టరికం ఏమీ లేదు. ఆయనది శ్రీకాకుళం వైపు, మాది విజయనగరం. ఒకే గోడకి అటూ ఇటూ కాపురాలు. మా అమ్మ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది గనక నాకు మామయ్య అయ్యాడు, మా నాన్నకి బావ అయ్యాడు. ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. అంత ఎత్తున చిన్న గదిలో ఒక్కడే కూర్చుని పనిచేసే మనిషి కావడం వల్లనేమో, కిందికి దిగాక ఆయన నోటికి విశ్రాంతి ఉండేది కాదు. నేనంటే చాలా ముద్దు. నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. గుంటా అనేవాడు. మా వైపు చిన్నపిల్లల్ని అలాగే పిలుస్తారు.

నాకు ఎనిమిదేళ్ళు నిండిన ఏడు మా నాన్నని ప్లాంటు తరఫున శిక్షణ కోసం మాస్కో పంపించారు. పది నెలలు. వీధివీధంతా సంబరపడింది. మా అమ్మ మాత్రం పది రోజులపాటు ఉన్ని బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టి గడిపింది. మాస్కో ఎంత దూరమని నేను నాన్నని అడగలేదు, అడిగితే వెళ్ళడం ఖాయమైపోతుందన్నట్టు. మామయ్యని అడిగాను. ఆయన సైకిలు గొలుసుకి నూనె వేస్తూ తల కూడా ఎత్తలేదు.

“ఎంతో దూరం లేదే గుంటా. ఒక్క షిఫ్టు. ఢిల్లీలో ఇమానం ఎక్కి కూకుంటే, షిఫ్టు అవకముందే మాస్కోలో దిగిపోతాడు మీ నాన్న.”

పాపం, నా దిగులు తీర్చాలనే అన్నాడు. కానీ మా ఇళ్ళలో షిఫ్టు అంటే ఏమిటి? పొద్దున వెళ్ళిన మనిషి షిఫ్టు దిగగానే ఖాళీ క్యారేజీ ఊపుకుంటూ ఇంటికి రావడం. షిఫ్టుకి వెళ్ళి రాని మనిషిని నేను చూసి ఎరగను. నాన్న విమానం ఎక్కే రోజు ఫలానా అని అమ్మ చెప్పింది. ఆ రోజు మధ్యాహ్నం రెండింటి సైరన్ కూయగానే వెళ్ళి మా గేటు పక్క పిట్టగోడ మీద కూర్చున్నాను. సైకిళ్ళు ఒక్కొక్కటే వచ్చాయి, ఇళ్ళలోకి మళ్ళిపోయాయి. వీధి ఖాళీ అయ్యాక కూడా నేను లేవలేదు. అమ్మ వచ్చి ఏమిటని అడిగితే నాన్న షిఫ్టు దిగే వేళయింది కదా అన్నాను. అమ్మ నవ్వలేదు. పక్కింటి అత్తయ్య నవ్వింది, ఆ మాట వీధంతా చెప్పింది కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది. ముక్కు మీద కోపం అప్పటికే ఉండేది. ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడుతున్నా అది దిగలేదని మా ఇంట్లోవాళ్ళంటారు. అననీండి.

నాన్న వెంటనే రాడని అర్థమైంది. కానీ రావాలనుకుంటే ఒక్క షిఫ్టులో వచ్చేయగలడన్న మాట మాత్రం బుర్రలో గట్టిగా కూర్చుండిపోయింది. దానికి తోడు నాన్న మొదటి ఉత్తరం వచ్చింది. విమానంలోంచి మంచు కొండలు చూశానని, ఢిల్లీ నుంచి మాస్కో నాలుగువేల మూడువందల కిలోమీటర్లట అని రాశాడు. పొద్దున ఏడింటికి ఢిల్లీలో ఎక్కి, పదకొండింటికి మాస్కోలో దిగానని కూడా రాశాడు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. నాలుగు గంటలు. ఒక షిఫ్టు కూడా కాదు, అర షిఫ్టే. అక్కడి గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుందని ఆ ఉత్తరంలోనే కింద ఉంది. నేను అంతదాకా చదవలేదు. నాకు కావలసిన లెక్క దొరికాక మిగతాది చదివే ఓపిక నాకు ఏనాడూ లేదు.

ఆ ఉత్తరం మాకు చేరడానికి ఇరవై రోజులు పట్టింది. అర షిఫ్టు దూరం నుంచి ఉత్తరం రావడానికి ఇరవై రోజులెందుకని నాకు అనుమానం రావాలి కదా. రాలేదు. పోస్ట్‌మాన్‌కి మా వీధంటే చిన్నచూపని సరిపెట్టుకున్నాను.

నాన్న వెళ్ళిన మూడో నెలలో అమ్మకి జ్వరం తగులుకుంది. మామూలు జ్వరమే అనుకున్నాం. తగ్గదే. టైఫాయిడ్ అని తేలాక ఆస్పత్రిలో చేర్చారు. మామయ్య విజయనగరానికి తంతి ఇచ్చాడు. ఆ కాగితం అందుకున్న మా అమ్మమ్మ, చదివించుకునే ధైర్యం కూడా లేక అరుగు మీద కూలబడిపోయిందట. ఆ రోజుల్లో మా ఇళ్ళకి తంతి వచ్చిందంటే ఎవరో పోయారని అర్థం. బిడ్డ బతికే ఉందని ఎవరో చదివి చెప్పాక లేచి, రెండు చీరలు మూట కట్టుకుని రైలెక్కేసింది. వచ్చేసరికి ఆమె కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. దారి పొడుగునా కూర్చోవడానికి చోటు దొరకలేదట. మా ఇంటికి కూడా రాకుండా తిన్నగా ఆస్పత్రికే వెళ్ళింది.

పన్నెండు రోజులకి అమ్మ ఇంటికి వచ్చింది. జుట్టంతా రాలిపోయి, గోడ పట్టుకుని నడిచేది. ఆ పన్నెండు రోజులూ నేను పక్కింట్లో తిని పక్కింట్లో పడుకున్నాను. అత్తయ్య ఏ లోటూ చేయలేదు. కానీ నేను ఒకటే ఆలోచిస్తూ గడిపాను. అమ్మమ్మ మూడు షిఫ్టుల దూరం నుంచి వాచిన కాళ్ళతో వచ్చింది. నాన్న అర షిఫ్టు దూరంలో కూర్చుని రాలేదు. ఎంత ఆలోచించినా లెక్క ఒకేలా తేలింది. నాన్నకి మేం అక్కర్లేదు.

ఇంటికి వచ్చిన నాలుగో రోజున అమ్మ నాన్నకి ఉత్తరం రాసింది. విదేశాలకి రాయడానికి పల్చటి నీలం కాగితం ఒకటి దొరికేది. రాశాక మడిచి అంటిస్తే అదే కవరు. అందులో చివరి మడత ఎప్పుడూ నాది. అమ్మ తన వంతు రాసి నాకు ఇచ్చేది. నేను నాలుగు ముక్కలు రాసి, జిగురు రాసి అంటించి, బడికి వెళ్తూ ఎర్ర డబ్బాలో వేసేదాన్ని. నేను రాసింది అమ్మ చూసేది కాదు. తండ్రీకూతుళ్ళ మాటలు తనకెందుకు అనేది.

ఆ రోజు అమ్మ రాసింది నేనూ చదవలేదు. నా మడతలో పెన్సిలుతో నొక్కి నొక్కి రాశాను. అది ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. “నాన్నా, అమ్మని ఆస్పత్రిలో పెట్టారు. అమ్మమ్మ మూడు షిఫ్టుల దూరం నుంచి వచ్చింది. నువ్వు అర షిఫ్టు దూరంలో ఉండి రాలేదు. నువ్వు మాకు వద్దు. అక్కడే ఉండు.” అంటించి, డబ్బాలో వేసి, చేతులు దులుపుకుని బడికి వెళ్ళిపోయాను. పొద్దుటంతా గొప్ప పని చేసినట్టు ఉంది నాకు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నాను. అమ్మ మంచం మీద పడుకుని ఉంది. అమ్మమ్మ చారు పోస్తూ అడిగింది, అల్లుడుగారికి ఇప్పటికైనా రాసేవేటే అని. అమ్మ మెల్లిగా చెప్పింది. “లేదమ్మా. అందరం కులాసా అనే రాసేను. తెలిస్తే అక్కడ ఉండగలరేటి? ట్రయినింగు సగంలో వొదిలి వొచ్చెస్తారు. రానివ్వకపోతే ఒక్కరూ కూకుని కుమిలిపోతారు. అన్నయ్యకీ చెప్పేను, రాయొద్దని.”

నాన్నకి తెలియదు. అమ్మకి జబ్బు చేసిందనే తెలియదు. తెలియని మనిషికి నేను, అమ్మ ఆస్పత్రిలో ఉంది, నువ్వు రాలేదు, మాకు వద్దు అని రాసి పంపించాను. అమ్మ ఇంటికి వచ్చేసిందన్న ఒక్క ముక్క రాయలేదు. పైన అమ్మ చేతిరాతలో అందరం కులాసా అని ఉంటుంది, కింద నా గీతలు ఉంటాయి. ఏది నిజమనుకుంటాడు? అన్నం వదిలేసి ఎర్ర డబ్బా దగ్గరికి పరిగెత్తాను. డబ్బా మీద టపా తీసే వేళ రాసి ఉంటుంది కదా. పొద్దున పదింటికే తీసేశారు. చేయి పట్టినంత మేర లోపలికి పెట్టి తడిమాను. ఖాళీ.

మామయ్యకి ఆ వారం పొద్దుటి షిఫ్టు. రెండున్నరకి సైకిలు దిగేసరికి ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది. అత్తయ్య వినకుండా ఆయన నన్ను జామచెట్టు వెనక్కి తీసుకెళ్ళి, ఒక్కొక్క మాటే బయటికి రప్పించాడు. నేను రాసిన నాలుగు ముక్కలూ అప్పచెప్పించుకున్నాడు. అర షిఫ్టు అన్న మాట దగ్గర ఆయన మొహం మారిపోయింది.

“నా నోరు పడిపోను. నానే కదేటి నీకా లెక్క సెప్పింది,” అన్నాడు. తిట్టకపోవడంతో నాకు ఇంకా భయమేసింది. అన్నానికి కూడా వెళ్ళకుండా, క్యారేజీ పిట్టగోడ మీదే పెట్టేసి, నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పవర్ హౌస్ అనే బజారు వైపు తొక్కాడు. మా సెక్టారు టపా అంతా అక్కడి పెద్ద పోస్టాఫీసుకే చేరుతుందని ఆయనకి తెలుసు. రైలు మీద సంచి పోకముందే పట్టుకోవచ్చేమోనని ఆశ.

దారిలో నేను అడిగాను, నిజంగా ఎంత దూరం మామయ్యా అని. ఎండ మండిపోతోంది. ఆయన ఆయాసపడుతూనే చెప్పాడు. రోజూ ప్లాంటుకి ఏడు కిలోమీటర్లు వెళ్తాడు, ఏడు కిలోమీటర్లు వస్తాడు. సెలవులు పోను ఏడాదంతా అలా తొక్కితే, ఢిల్లీకీ మాస్కోకీ మధ్య ఉన్నంత దూరం అవుతుంది. అంత దూరాన్ని విమానం ఆరున్నర గంటల్లో దాటేస్తుంది, నాలుగు గంటలు కాదు, గడియారాలు రెండూ ఒకలా నడవవు అని అప్పుడు విడమరిచాడు. నేను ఆయన పాదాలు చూస్తూ కూర్చున్నాను. అరిగిపోయిన ప్లాంటు బూట్లు, పైకీ కిందికీ. ఈ కాళ్ళు ఒక ఏడాది. దూరమంటే ఏమిటో నాకు మొదటిసారి కొంచెం తెలిసింది.

“మరయితే ఇమానం తొందరగానే ఎల్లిపోద్ది కద. ఉత్తరానికి ఇరవై రోజులెందుకు?” అన్నాను.

“ఇమానంలో ఉన్నప్పుడు ఆలీసం లేదే. కిందున్నప్పుడే ఆలీసం. ఇక్కడ సంచిలో పడుంటాది, నాగపూర్‌లో పడుంటాది, ఢిల్లీలో ఇమానం కోసం పడుంటాది. అక్కడ దిగినాక మళ్ళీ పడుంటాది. పయానం కొంచెమే, పడుండడమే ఎక్కువ.”

పోస్టాఫీసు కిటికీ వెనక ఉన్నాయన హిందీ మనిషి, పెద్దవాడు. మామయ్య తనకొచ్చిన హిందీలో గబగబా చెప్పాడు. ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, “సుబహ్ కీ డాక్ నికల్ గయీ, బిటియా,” అన్నాడు. పొద్దుటి సంచి రైలెక్కి పోయింది. పోకపోయినా డబ్బాలో పడ్డ ఉత్తరం వెనక్కివ్వడానికి తనకి అధికారం లేదని కూడా చెప్పాడు.

మామయ్య తంతి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఫారం చేతిలోకి తీసుకుని చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తంతి అయితే ఉత్తరాన్ని దాటి వెళ్ళిపోతుంది. కానీ పరాయి దేశంలో ఉన్న మనిషికి ఇంటినుంచి తంతి వస్తే, విప్పేలోగా ఆయన ఏమైపోతాడు? మా అమ్మమ్మ అరుగు మీద కూలబడిన సంగతి తలుచుకున్నాడేమో, ఫారం బల్ల మీద పెట్టేసి తిరిగి వచ్చాడు. కిటికీ పెద్దాయనని ఇంకోటి అడిగాడు. సాయంత్రం సంచిలో ఉత్తరం వేస్తే ఢిల్లీలో రెండూ ఒకే విమానానికి అందుతాయా అని. అందచ్చు, అందకపోవచ్చు, విమానం రోజూ ఉండదు కదా, అది ఎగిరే రోజుని బట్టి అన్నాడు ఆయన. మామయ్యకి ఆ మాత్రం చాలు. నీలం కాగితం ఒకటి కొని, జిగురు గిన్నె ఉన్న బల్ల దగ్గర నన్ను నిలబెట్టి, తన జేబులో కలం నా చేతికిచ్చాడు.

నేను వెంటనే మొదలుపెట్టాను. నాన్నా, నేను తప్పు చేశాను, నాకు తెలియక రాశాను, నన్ను క్షమించు అని. రెండు వరుసలు రాసేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఇది ఇప్పుడు ఆయనకి కావాలేటి?”

నాకు అర్థం కాలేదు. ఆయన నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన బట్టల్లోంచి ఇనుము వాసన, చెమట వాసన. మెల్లిగానే చెప్పాడు. “ఇది సదవడానికి మీ నాన్నకి ఎంతసేపు పడద్ది? రెండు వరసలు. ఆ రెండు వరసలూ సదివే అంతసేపూ, మీ అమ్మ ఉందో లేదో ఆయనకి తెలీదు. నీ ఏడుపు తరవాత. నీ తప్పు తరవాత. ఆయన గుండె దేనికోసం కొట్టుకుంటాదో అది ముందు రాయి.”

ఆ రెండు వరుసలూ కొట్టేసి, పైన మిగిలిన చోట పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. అమ్మ బాగుంది. ఇంటికి వచ్చేసింది. అన్నం తింటోంది. ఆ తరవాత జ్వరం సంగతి, అమ్మ చెప్పొద్దన్న సంగతి, చివరన నా తప్పు సంగతి. అంటించాక మామయ్య కవరుని ఇటూ అటూ తిప్పి చూశాడు. రెండూ ఒకేరోజు అందితే ఏది ముందు విప్పుతాడు అన్నాడు. నాకప్పుడు తట్టింది. చిరునామా పక్కన ఖాళీలో తెలుగులో రాశాను, నాన్నా, ముందు ఇది చదువు అని. ఆ దేశం మొత్తం మీద అది చదవగలిగేవాడు నాకు తెలిసి ఒక్కడే. ముద్ర వేస్తూ కిటికీ పెద్దాయన ఇదేమిటని అడిగాడు. మామయ్య చెబితే ఏమీ అనకుండా ముద్ర ఆ అక్షరాల మీద పడకుండా పక్కకి జరిపి వేశాడు.

అమ్మకి నువ్వే చెప్పాలి అని మామయ్య షరతు పెట్టాడు. చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు, నా వీపు మీద చెయ్యి వేసింది. మర్నాడు తనూ ఒక ఉత్తరం రాసింది.

ఇక ఎదురుచూపులు. ఉత్తరం వెళ్ళడానికి ఇరవై రోజులు, జవాబు రావడానికి ఇరవై రోజులు. ఆ నలభై రోజులూ నాకు నిద్రలో కూడా అదే ధ్యాస. ఇప్పుడు నాగపూర్‌లో ఉందా, ఇప్పుడు ఢిల్లీలో పడుందా, నా కోపం ముందు చేరిందా, నా మంచిమాట ముందు చేరిందా. బడి నుంచి రాగానే మామయ్య మొహం చూసేదాన్ని. ఆయన వస్తాదిలే గుంటా అనేవాడు. ఒక వారం మాత్రం ఎందుకో ఆ మాట కూడా అనలేదు. నేను దాన్ని పట్టించుకోలేదు.

నలభై దాటి ఇంకో వారం పైన అయ్యాక నాన్న జవాబు వచ్చింది. విడిగా నా పేరు మీదే. “రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయమ్మా. నువ్వు చెప్పినట్టే నీది ముందు చదివాను. ఇంక భయమెందుకు? రెండోది చదివి నవ్వుకున్నాను.” నేను ఆ కాగితం పట్టుకుని గోడ దూకి వెళ్ళాను. మామయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నన్ను పవర్ హౌస్ తీసుకెళ్ళి వేడి వేడి జిలేబీ తినిపించాడు. తను తినలేదు. పది నెలలూ నిండాక నాన్న వచ్చేశాడు. ఆ తరవాతి ఏడు నాకు తమ్ముడు పుట్టాడు. ఆ ఉత్తరాల మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి ఏముంది, అంతా బాగానే అయింది కదా అనుకుంటూ నేను పెరిగిపోయాను.

పాతికేళ్ళు గడిచాయి. నాన్న రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి, భిలాయిలోనే రిసాలి వైపు కట్టుకున్న చిన్న ఇంటికి మారాలి. సామాను సర్దడానికి అత్తవారింటి నుంచి నేను వచ్చాను. అప్పటికి మామయ్య పోయి నాలుగేళ్ళయింది. బీరువా పై అరలో కాగితాల కట్ట ఒకటి, దారంతో కట్టి ఉంది. అందులో నా రెండు నీలం కాగితాలు ఉన్నాయి. ఒకదాని మీద నా పెద్ద పెద్ద అక్షరాలు, ముందు ఇది చదువు అని. నవ్వుకుంటూ తిప్పి చూశాను. వెనక మాస్కో వాళ్ళ ముద్రలు, ఉత్తరం చేరిన రోజు వేసేవి. వాళ్ళ అక్షరాలు నాకు రావు, అంకెలు వచ్చు. రెండు ముద్రలకీ మధ్య తొమ్మిది రోజులున్నాయి. నా కోపం ముందు చేరింది. అది ఢిల్లీలో విమానాన్ని అందుకుంది. రెండోది అందుకోలేకపోయింది.

వాటి కింద ఇంకొకటి ఉంది. నాన్న చేతిరాత. మామయ్య పేరు మీద, మా ఇంటికి కాకుండా ప్లాంటు చిరునామాకి రాసినది. నాన్న తిరిగొచ్చాక మామయ్య ఆయన చేతికే ఇచ్చేసి ఉంటాడు. నా మొదటి ఉత్తరం చేరిన రోజునే రాశాడు. ఎక్కువ లేదు. “బావా, తంతి ఇద్దామంటే ఇంట్లో ఎలా ఉందో, అది చూసి ఏమవుతుందోనని చెయ్యి ఆడటం లేదు. పిల్ల రాసింది చదివాను. నిజం చెప్పు. ఆమె ఉందా?”

ఉందా అని అడిగాడు. బాగుందా అని కూడా కాదు. తొమ్మిది రోజులు ఆ మనిషి, ఎవరినీ అడగడానికి వీలులేని చోట, ఆ ప్రశ్నతో పనికి వెళ్ళాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఆ తరవాత నా రెండో ఉత్తరం చేరింది. దానికి జవాబుగా, రెండూ ఒకేరోజు వచ్చాయమ్మా అని నాకు రాశాడు. మామయ్యకి అన్నీ తెలుసు. తెలిసే నాకు జిలేబీ తినిపించాడు. ఆయన ఉంటే వెళ్ళి అడిగేదాన్ని, ఏమని అడిగేదాన్నో తెలియదు.

నాన్న అవతలి గదిలో స్టూలెక్కి ఫ్యాను విప్పుతున్నాడు. ఆ కాగితాలు పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళాను.

“నాన్నా, ఇవి రెండూ కలిసే వొచ్చేయి కదూ?”

ఆయన పైనుంచి నా చేతుల్లోకి చూశాడు. అవేమిటో తెలుసుకోవడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. మళ్ళీ ఫ్యాను వైపు తిరిగి, “కలిసే వొచ్చేయమ్మా. నీదే ముందు సదివేను,” అన్నాడు. నేను అవునన్నాను. కాగితాలు దారంతో కట్టి యథాస్థానంలో పెట్టి వచ్చి, ఆయన పడకుండా స్టూలు పట్టుకున్నాను.

నేను మంచిదాన్నైపోయానని చెప్పను. ఇప్పటికీ కోప్పడతాను, నోరు జారతాను. కానీ ఎదుటి మనిషి కళ్ళముందు ఉన్నప్పుడే. తిరిగి అడగడానికి, తిట్టడానికి వీలున్న చోటే. దూరాన ఉన్నవాళ్ళకి కోపంలో ఒక్క ముక్క రాయలేదు, ఫోన్లో మెసేజీ అయినా సరే. ఎవరికి ఏ కబురు చెప్పినా మొదటి మాట వాళ్ళకి కావలసింది. అందరం బాగున్నాం అని చెప్పాకే పలకరింపు. మా పిల్లలు నా ఫోన్లని వెక్కిరిస్తారు. వెక్కిరించనీండి.

నాన్న తొంభయ్యోపడిలో, ఒక తెల్లవారుజామున రిసాలి ఇంట్లో పోయాడు. తమ్ముడు విశాఖపట్నంలో ఉన్నాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాను. చెప్పవలసింది ఏమిటో తెలుసు, అది ముందు చెబితే వాడు ఆ తరవాతి మాట వినలేడని కూడా తెలుసు. వాడు హలో అన్నాడు. మామయ్య నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. వాడి గుండె రేపటినుంచి బతికినన్నాళ్ళూ దేనికోసం కొట్టుకుంటుందో ఆలోచించాను.

“నాన్న ఏ బాధా పడలేదురా,” అన్నాను.

మిగతాది వాడికి చెప్పనక్కర్లేకపోయింది.